సన్నపళ్ల దువ్వెన

ఆళ్లగడ్డ స్కూల్లో ఇంగ్లీషు టీచరు పనికి నా డెమో క్లాసు సోమవారం. ఈ ఏడాది నాకిది నాలుగోది. ఇదీ పోతే బేతంచెర్లలో మా బావ పనిచేసే నాపరాళ్ల ఫ్యాక్టరీలో లోడు చీటీలు రాయాలి. నామీద నాకున్న అనుమానం నాకన్నా చురుకైనది. అందుకే పాఠాన్ని ముప్పైసార్లు సరిచూసుకున్నాను.

పాఠం ఒక ఇంగ్లీషు జాతీయం. దేన్నయినా ఇసుమంతైనా వదలకుండా గాలించడాన్ని ఇంగ్లీషువాళ్లు సన్నపళ్ల దువ్వెనతో దువ్వడం అంటారు. ఆ దువ్వెన పుట్టింది పేలు తీయడానికే. క్లాసులో చూపించడానికి ఏదో ఒక వస్తువు తేవాలన్నారు స్కూలువాళ్లు. అసలైనదే నంద్యాలలో మా ఇంట్లో ఉంది. ఆదివారం చర్చికి ముందు, ప్రతి శనివారం మా అమ్మ దేవమ్మ నా కూతురు బ్లెస్సీ తల దువ్వేది దాంతోనే.

"దువ్వాన యాడికి తీస్కపోతాండావ్ రా?"

"పాఠానికమ్మా."

"పేండ్లకు పాఠం చెప్తావా ఏందీ? చెప్పు. అవన్నా లేచిపోకుండా వింటాయి."

తొమ్మిదో తరగతి. వెనక బెంచీలో స్కూలు యజమాని శేషయ్య, పక్కన ప్రిన్సిపాల్ సుబ్బలక్ష్మమ్మ మేడమ్. నేను దువ్వెన ఎత్తి పట్టుకుని పేల నడక గురించి చెప్పాను. మూడో వరుసలో ఒక పిల్ల తల గోక్కుంది. తర్వాత ఆ బెంచీ అంతా. మనసు రుజువు కోసం ఆగదు. నేను అర్థం దగ్గరికి వచ్చేసరికి నలభై చేతులు జుట్టులో ఉన్నాయి. మేడమ్ పెన్ను కొప్పులోకి పోయింది. బట్టతల శేషయ్య కొంతసేపు నిగ్రహించుకుని చివరికి లొంగిపోయాడు. నాకూ దురదే. గోక్కుంటే ఓడిపోయినట్టేనని పళ్లు బిగించాను.

ముందు బెంచీలోని ప్రవళిక లేచింది. "సార్, దువ్వానలో ఏందో కదుల్తాంది."

చూశాను. కదులుతోంది.

నాకు లోడు చీటీలు కళ్లముందు కనిపించాయి. ఏం చేయాలో తోచక, "జాతీయాన్ని సొంత వాక్యంలో వాడు" అన్నాను.

ఆ పిల్ల తప్పు లేని ఇంగ్లీషులో చెప్పింది: సారు పాఠాన్ని సన్నపళ్ల దువ్వెనతో దువ్వినాడు గానీ దువ్వెనను చూసుకోలేదు.

క్లాసు గొల్లుమంది. శేషయ్య నెత్తి గోక్కుంటూనే లేచాడు. "పదేండ్లుగా డెమోలు చూస్తాండా. నాకు కునుకు పట్టనిది ఇదొక్కటే అప్పా. రేపట్నించి రా."

గేటు దగ్గర మేడమ్ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "సార్, ఆ దువ్వాన రెండు దినాలు నా దగ్గరనే ఉండనీండి."

బస్సులో అమ్మ ఫోను. "పని ఏమాయె?"

"వచ్చిందమ్మా."

"దువ్వాన?"

"మేడమ్ దగ్గరుంది."

"శనివారానికి అది ఇంటికి రాకపోతే, బ్లెస్సీ తలకు నువ్వే పాఠం చెప్పుకో."