బాణం గుర్తు లేని రాజీనామా

నేను ఒక ఫైలుని. అట్ట లేదు, తాడు లేదు, దుమ్ము పట్టదు. అందుకే ప్రభుత్వాఫీసులో నన్ను ఫైలని ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

కాకినాడ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పుట్టాను. పాత మెయిల్ సర్వర్ తీసేస్తున్నారని, కంప్యూటర్లు చూసే ఖలీల్ ఒక్కో ఉద్యోగి ఈమెయిళ్లన్నీ ఒక్కో ఫైల్లోకి దింపాడు. ల్యాబ్‌లో పనిచేసే హైమ ఉత్తరాలు నా కడుపులో పడ్డాయి. నన్ను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, ఏ కంప్యూటర్లోనైనా తెరవచ్చు.

నాలో ఉత్తరాల మధ్య గోడలు లేవు. ఒక లైను 'ఫ్రమ్' అనే మాటతో మొదలైతే కొత్త ఉత్తరం వచ్చినట్టు, అంతే. చిక్కేమిటంటే, హైమ బడిలో నేర్పినట్టే ఈమెయిల్లో కూడా 'ఫ్రమ్ బి. హైమ' అని మొదలుపెట్టి, కింద 'టు' రాసేది. దాన్ని కొత్త ఉత్తరమని పొరబడకుండా, నన్ను తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ మాట ముందు చిన్న బాణం గుర్తు పెట్టింది.

హైమ కాన్పు సెలవులో ఉండగా ఆమె కుర్చీలో మేనేజర్ వాసిరాజు బావమరిది కూర్చున్నాడు. అతన్ని లేపడం కష్టం. వాసిరాజుకి ఇంట్లో భార్య ఉంది.

ఒక మధ్యాహ్నం వాసిరాజు తలుపు వేసుకుని నన్ను తెరిచాడు. హైమ పాత సెలవు ఉత్తరాన్ని కాపీ చేసి, నా చివర అతికించి, తేదీ మార్చి, 'సెలవు' ఉన్నచోట 'రాజీనామా' అని కొట్టాడు. 'ఫ్రమ్' ముందు బాణం కనిపించింది. టైపింగ్ తప్పనుకుని చెరిపేశాడు. పాపం, శుభ్రత ఎక్కువ మనిషి.

సెలవు అయ్యాక పనికొచ్చిన హైమను గేటు దగ్గరే ఆపేశారు. ఆమె లేబర్ ఆఫీసుకెళ్లింది. విచారణకి కంపెనీ తరఫు సాక్షి ఎవరనుకున్నారు? నేనే.

అధికారి ముందు ఖలీల్ నన్ను తెరిచాడు. ఉత్తరాల పట్టికలో చివర 'రాజీనామా' అన్న శీర్షిక చూసి అధికారి అడిగాడు.

"ఈ రాజీనామా మీదేనామ్మా?"

"నేను రాయలేదండి."

"రాయకుండా ఎలా వస్తదమ్మా?" వాసిరాజు నవ్వాడు. "నొక్కవోయ్ ఖలీలు."

ఖలీల్ నొక్కాడు. లోపల ఒక్క అక్షరం లేదు. దాని కింద, పంపినవారి చిరునామా లేని ఇంకో ఉత్తరం ఉంది. రాజీనామా మొత్తం అందులో పడింది.

"ఖాళీ కవరు పంపి ఉద్యోగం వదిలేస్తానాండీ?" అంది హైమ. "పిల్లతో నాకు నిద్దర్లేదు గానీ, మరీ అంత మతి పోలేదండి."

అధికారి నవ్వలేదు. "ఏంటయ్యా ఇది?"

ఖలీల్ మేనేజర్ వైపు చూడకుండా చెప్పాడు. "ఈవిడ మిగతా ఉత్తరాలన్నిట్లోనూ ఫ్రమ్ ముందు బాణం ఉందండి. దీనికే లేదు. అందుకే రెండు ముక్కలైంది. మెయిల్లోంచి దింపిందైతే బాణం పడుద్దండి. ఇది ఎవరో చేత్తో దూర్చారు."

"ఆ బాణమా? అది తప్పని నేనే తీ..."

వాసిరాజు నాలుక కరుచుకున్నాడు. ఆలస్యంగా.

హైమ మళ్లీ ల్యాబ్‌లోకి వెళ్లింది. బావమరిది లేచాడు. వాసిరాజు ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అక్కడి మాటలు ఈమెయిల్లో రావు.

ఇప్పుడు పాత హార్డ్ డిస్కులో ఉంటున్నాను. ఈమధ్యే నా పక్కన ఇంకో ఫైలు చేరింది. వాసిరాజు ఈమెయిళ్లు. చివరిది రాజీనామా. హైమను చూసి నేర్చుకున్నాడో ఏమో, 'ఫ్రమ్ వాసిరాజు' అని మొదలుపెట్టాడు.

ముందు బాణం ఉంది. ఇది అసలైనదే.