సమ్రా లోయలో అడవి ఉల్లి వరుస

సమ్రా లోయలో ఉన్న అడవి ఉల్లి వరుసను, పూర్వం తమ గోత్రాలకు ఆ నేల పంచిన యెహోషువ నాటించాడని యూదులు నమ్ముతారు. సలాహుద్దీన్ సుల్తాను సైనికులు నాటారని అరబ్బులు నమ్ముతారు. నాటిన రోజునుంచి అది జానెడు కూడా కదలలేదనీ, దాన్ని పెకలించినవాడి చెయ్యి ఏడాది తిరిగేలోగా ఎండిపోతుందనీ మాత్రం ఉభయులూ నమ్ముతారు. ఆ లోయలో ఇరుపక్షాలూ ఏకీభవించిన సంగతి నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

1935 సెప్టెంబరులో నాకు ఇరవై ఆరేళ్లు. అక్కా పట్నంవాణ్ణి, వ్యవసాయ పాఠశాలలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. భూముల హక్కులు తేల్చడానికి ఇంగ్లీషు ప్రభుత్వం పంపిన పెండర్ అనే అధికారి నన్ను వెంటబెట్టుకుని సమ్రాకు వెళ్లాడు. మా వైపు హద్దు మీద అడవి ఉల్లిగడ్డలు పాతడం ఆచారం. లోతుగా దిగిన గడ్డ నాగలికి లేవదు, మేక దాన్ని ముట్టదు, ఎండకు చావదు. వేసవి చివర ఆకన్నది లేకుండా తెల్లటి పూల కాడ ఒకటి నిలువునా లేస్తుంది. ఆ రోజు సబ్హా అనే వితంతువు గోధుమ చేను సరిగ్గా నడుమగా అలాంటి కాడలు నలభై దాకా బారులు తీరి ఉన్నాయి.

వరుసకు అవతలి సగం పక్కనున్న యూదుల కాలనీ అధీనంలో ఉంది. ఆ సగం పోతే సబ్హాకు మిగిలేది రాళ్ల దిబ్బ. అది ఆమెకు తిండి పెట్టదు. హైఫా రేవుపట్నంలో ఎవరింట్లోనో పాచిపని చేసుకోవాలి.

గ్రామపెద్ద ముఖ్తార్ ఫయ్యాద్ శుక్రవారం నమాజు తరువాత పిడికిలి ఎత్తి, "పిడికెడు మన్ను కూడా పరాయివాడికి దక్కనివ్వం" అని గర్జించేవాడు. ఆ పిడికిలి విప్పిన వేళ్లతోనే, సబ్హా సగం చేను తనదని చూపి కాలనీకి గుట్టుగా అమ్మేశాడు. కొన్నవాళ్లు అమాయకులేమీ కారు. హద్దు మీది గడ్డలను తెచ్చి చేను నడుమ పాతిన పారలు వాళ్లవే. కాలనీ పెద్ద ఫైవెల్ చెమటోడ్చి పండించిన మట్టి మీదే మనిషికి హక్కు అని ఉపన్యాసాలిచ్చేవాడు. అక్కడ చెమటోడ్చింది సబ్హా అన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో ఉండేది కాదు.

ఈ పెద్దలిద్దరూ వీధిలో ఎదురైతే మొహాలు తిప్పుకునేవారు. ఆనాడు మాత్రం వరుసకు చెరోవైపూ నిలబడి ఒకే పాట పాడారు.

"పూర్వం గోత్రాల హద్దులకు దీన్నే నాటారని మా గ్రంథాల్లో ఉందండీ," అన్నాడు ఫైవెల్.

"మా తాత తండ్రి కూడా ఇక్కడే చూశాడు దొరా, ఈ వరుసని," అన్నాడు ముఖ్తార్.

పెండర్ మురిసిపోయాడు. శత్రువులిద్దరూ ఒకే మాట చెబితే అది నిజమే అయి ఉండాలని ఆయన తర్కం. కాలేజీలో చదివిన ప్రాచీన చరిత్ర కళ్లముందు పూలు పూసి నిలబడితే ఒక వితంతువు గోడు ఎవరికి వినిపిస్తుంది? కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"అయ్యా, మూడేళ్ల కింద మా అమ్మాయి పురిటికెళ్లి నలభై రోజులు అక్కాలో ఉన్నా," అంది సబ్హా. "తిరిగొచ్చేసరికి ఈ గడ్డలు నా చేను నడిమిట్లో కూచున్నాయి. కాళ్లొచ్చి నడిచాయా, ముఖ్తార్?"

"ఆడదానివి, హద్దుల సంగతి నీకేం తెలుసే? నీ మొగుడే ఉంటే నీ నోరు మూయించేవాడు."

"ఆయనే ఉంటే నువ్వు నా చేలోకి తొంగిచూసేవాడివి కూడా కాదు."

నేను వంగి గడ్డల మొదళ్లు చూస్తున్నాను. అడవి ఉల్లి ఏళ్లు గడిచేకొద్దీ చుట్టూ పిల్లగడ్డలు పెట్టి గుంపవుతుంది. వేల ఏళ్లు నిలిచిందంటున్న ఈ వరుసలో ఏ గడ్డకూ ఒక్క పిల్ల కూడా లేదు.

"ఒకటి తవ్వి చూద్దామండీ," అన్నాను పెండర్‌తో.

"వద్దు మాస్టారూ! చెయ్యెండిపోతుంది!" ముఖ్తార్ అరిచాడు.

దేవుడు లేడని కాలనీ భోజనశాలలో రోజూ వాదించే ఫైవెల్ కూడా గొంతు తగ్గించి అన్నాడు: "మూఢనమ్మకమే అనుకోండి. కానీ ఊరికే పుట్టదు కదండీ ఆ మాట?"

"నా చెయ్యి ఎలాగూ ఆకలికి ఎండేదే," అంది సబ్హా. "పార ఇటివ్వు బాబూ."

ఆమె తవ్వింది, నేను కాడ పట్టుకున్నాను. మోచేతి లోతున, మనిషి తలకాయంత గడ్డ ఊడి వచ్చింది. దాని వేర్ల మధ్య మెరుగు తగ్గని ముళ్లతీగ ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. ఆ లోయలో ముళ్లతీగ కాలనీ కంచెకు తప్ప ఇంకెక్కడా లేదు. కాలనీ వెలిసి అప్పటికి ఏడేళ్లు. గొయ్యి పూడ్చినప్పుడు ఎవరి సంచిలోంచో జారిపడినట్టుంది.

సబ్హా దాన్ని ఫైవెల్ ముందు ఎత్తి పట్టుకుంది. "ఇదీ యెహోషువే తెచ్చాడా, అయ్యా?" తరువాత ముఖ్తార్ వైపు తిరిగింది. "లేకపోతే మీ తాత తండ్రా?"

ఇద్దరూ మొట్టమొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాసిన పేరాను పెండర్ బాధగా కొట్టేశాడు. పాపం, బాగా కుదిరిన పేరా. గడ్డలను పాత హద్దుకు చేర్చమని ఉత్తర్వు ఇచ్చాడు. చెయ్యడానికి ఊరివాళ్లు గానీ కాలనీవాళ్లు గానీ ముందుకు రాలేదు. అందరికీ చేతులు ముఖ్యం.

నా చేతులు రెండు రోజులు మండాయి. ఆ గడ్డ రసంలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, శాపమంటే అంతే. సబ్హా తన చేతులతోనే ఆ చేలో పన్నెండు పంటలు కోసింది. పదమూడోది కోతకు రాకముందే 1948 యుద్ధం వచ్చి ఊరు ఖాళీ అయింది. ఆమె లెబనాన్ వెళ్లిపోయింది.

ఇప్పుడక్కడ యెహోషువ పేరుతో బోర్డు పెట్టారు. విహారయాత్రకు వచ్చినవారు ఫోటోలు దిగుతారు. లెబనాన్ శరణార్థి శిబిరంలో ముఖ్తార్ మనవలు సలాహుద్దీన్ కథను పిల్లలకు చెబుతున్నారని విన్నాను. బోర్డు పెట్టినవారికి ఒక ఉత్తరం రాశాను, మనవలకు ఒకటి. ఏ వైపునుంచీ జవాబు లేదు. ఆ విషయంలోనూ ఏకీభవించినట్టున్నారు.

ఇప్పుడున్న ఆ వరుసను 1935 సెప్టెంబరులో, మూడు సాయంత్రాలు, ఒకే పారతో సబ్హా, నేనూ పాతాం.