రింగు ముందు అంచు

పద్నాలుగు ఆటల్లో పదకొండు ఓడిపోయిన జట్టుకు కారణాలు చెప్పేవాళ్ల కొరత ఉండదు. మూసీ మెరుపులు అనే ఆ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు నిరుడు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఈ ఏడూ అదే క్రీడాకారిణులు, అదే కోచ్, శాలిబండలోని అదే పాత గోదాములో సాధన. ఫలితం మాత్రం అట్టడుగు. ప్రయాణాల అలసట అన్నారు కొందరు. కొత్త జెర్సీ రంగు అచ్చిరాలేదన్నారు ఇంకొందరు. మేనేజర్ అంజన్న ఎవరితోనూ వాదించకుండా ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చి గోదాము గుమ్మానికి వేలాడదీశాడు.

"దిష్టి, డానియేలన్నా. నిరుడు పేపర్ల ఫోటో పడ్డది సూడు, గప్పటి సంది గిదే లొల్లి."

"గుమ్మడికాయకు బంతి ఎయ్యొస్తదా అంజన్నా?"

"నీకొస్తదా మరి ఈ వయసుల? ఉండనియ్యి పాపం. అది జీతం అడగదు."

కోచ్ డానియేలు నవ్వాడు. రైల్వేలో ముప్పై ఏళ్లు ఆడి, ఆడించి, పదవీ విరమణ చేసిన మనిషి. దిష్టినీ ముహూర్తాన్నీ నమ్మడు. ఓటమికి ఆయన దగ్గర వేరే కారణం ఉంది: మనోబలం సన్నగిల్లడం. ముఖ్యంగా రచనది.

జహనుమాలో పాల వ్యాపారం చేసుకునే ఇంటి పిల్ల రచన. దూరం నుంచి బంతి వేయడంలో జట్టులో ఆమెను మించినవాళ్లు లేరు. నిరుడు వందకు నలభై ఒకటి రింగులో పడేవి. ఈ ఏడు మొదట్లోనే ఇరవై రెండుకు పడింది. మూడో ఓటమి తర్వాత డానియేలు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు: "నీ చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా. నీ లోపల భయం జొరబడ్డది. దాన్ని సాధనతోనే ఎళ్లగొట్టాలె." ఆ రోజు నుంచి అందరూ వెళ్లిపోయాక ఆమె రెండు వందల బంతులు అదనంగా వేసేది. ఒక్క రోజూ మానలేదు. లెక్క ఇరవై రెండు నుంచి పదిహేడుకు దిగింది. పద్నాలుగో ఆట కూడా పోయాక ఆయన ఆమెను ఇంటి దగ్గరే ఉండమన్నాడు. నడి సీజన్‌లో ఒకరిని తీసేసి మరొకరిని తెచ్చుకోవడానికి లీగ్ ఇచ్చిన గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. తీసేసిన వాళ్లను ఈ సీజన్‌లో తిరిగి తీసుకోవడానికి వీలులేదు. రచనను వదులుకోవాలన్న ఉత్తరం రాసే పని డానియేలు మీద పడింది.

కారణం రాయవలసిన చోట ఆయన కలం ఆగింది. ఒక అమ్మాయి జీవితానికి సంబంధించిన కాగితంలో ఊహ రాయడానికి మనసొప్పలేదు. ఆ చోటు ఖాళీగానే వదిలి ఉత్తరాన్ని అంజన్నకు ఇచ్చి, గురువారమంతా కూర్చుని ఆటల వీడియోలు మళ్లీ చూశాడు. రచన గురితప్పిన బంతులు డెబ్భై ఎనిమిది. వాటిలో అరవై ఒకటి రింగు ముందు అంచుకే తగిలి వెనక్కి వచ్చాయి.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. భయం బంతిని నలుదిక్కులా చెదరగొడుతుంది. ప్రతిసారీ ఒకే కొలతతో వెనక్కి లాగదు. మిగతావాళ్ల బంతులు చూశాడు. వాళ్లవీ ఎక్కువగా ముందు అంచుకే. ఎవరు ఎక్కువ సాధన చేశారో వాళ్లే ఎక్కువ తప్పారు. మోకాలి నొప్పి పేరు చెప్పి సగం రోజులు సాధనకు రాని సోనీ ఒక్కతే నిరుడు ఆడినట్టే ఆడుతోంది.

శుక్రవారం తెల్లవారగానే గోదాముకు వెళ్లాడు. అక్కడ ఒక ఆచారం ఉంది. సీజన్ మొదటి రోజున సరిగ్గా పది అడుగులు కోసిన వెదురు కర్రను రింగు కింద నిలబెట్టి ఎత్తు సరిచూస్తారు. ఆ కర్రను డానియేలు గురువు కోయించాడట. టేపు అబద్ధమాడవచ్చు గాని వెదురు ఆడదనేవాడట. ఈ ఏడు ఆ రోజున రెండు రింగులూ కర్రకు అందకుండా కాస్త పైనే ఉన్నాయి. బిగింపు సరిగా లేదని వెల్డింగు నగేష్‌ను డానియేలు నలుగురిలో కోప్పడి, రెంటినీ కర్రకు ఆనేదాకా దింపించాడు. "నేను ముట్టనే లేదన్నా," అని నగేష్ మొత్తుకున్నా వినలేదు.

ఇప్పుడు ఎదురు దుకాణం నుంచి ఆ నగేష్ టేపే అడిగి తెచ్చి, నిచ్చెన ఎక్కి, రింగు నుంచి నేలకు వదిలాడు. తొమ్మిది అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. రెండోసారి కొలిచాడు. అవతలి రింగూ కొలిచాడు. అదీ అంతే.

వాచ్‌మన్ బీరయ్య చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సారు, పొద్దుగాలనే నిచ్చెన ఎక్కిన్రు?"

"బీరయ్యా, ఈ కర్ర ఎవలన్న ముట్టిన్రా?"

"నేనే సారు. సీజన్ షురువయ్యే ముందటి వానలకు లోపలికి నీళ్లొస్తే అడుగు మురిగింది. మురిగిన కాడికి కోసి, ఇనుప పొన్ను తొడిగిన. మంచిగ కుదిరింది గదా?"

"నాకెందుకు చెప్పలే?"

"కట్టె కోసిన ముచ్చట గూడ చెప్తరా సారు? మురగనిచ్చినవని తిడ్తరేమోనని ఊకున్న."

బీరయ్య ముఖంలో ఏ కల్మషమూ లేదు. డానియేలు కర్రను తిప్పి, ఆ ఇనుప పొన్నును తడిమి చూశాడు. ఎదురెదురు గోడల మీది రెండు రింగులు ఒకే రాత్రి ఒకే కొలతన పైకి జరగవన్న చిన్న అనుమానం ఆ మొదటి రోజే తనకు రావలసింది. గుమ్మడికాయను చూసి నవ్వినవాడు వెదురును మాత్రం కొలవలేదు. ఆటల్లో రింగు పది అడుగుల ఎత్తునే ఉంటుంది; ఇక్కడి పొట్టి రింగుకు చేతులు అలవాటు పడేలా ఆరు నెలలు అమ్మాయిలను తీర్చిదిద్దాడు. అందరికంటే ఎక్కువ నమ్మి, ఎక్కువ శ్రమపడిన పిల్లకే అందరికంటే ఎక్కువ నష్టం చేశాడు.

నగేష్‌కు క్షమాపణ చెప్పి రింగులను పది అడుగులకు ఎత్తించాడు. ఉత్తరం తను చెప్పేదాకా పంపవద్దని అంజన్నకు ఫోన్ చేసి, షేర్ ఆటోలో జహనుమా వెళ్లాడు.

రచన తల్లి లలితమ్మ పాల క్యాన్లు కడుగుతోంది. లేవలేదు.

"మీరు పంపమంటె పంపిన. ఇంట్ల ఉండుమంటె ఉంచిన. ఇప్పుడు మళ్ల తోలుమంటున్నరు. మా పిల్లేమన్న క్యాననుకున్నరా సారు, తెచ్చుడు, కొంచవోవుడు?"

"తప్పు నాది లలితమ్మా. గది చెప్పనీకే వచ్చిన."

నాలుగున్నరకు రచన గోదాముకు వచ్చింది. డానియేలు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. బంతి వాలుగా దిగుతుంది. సాధనలో అలవాటైన దానికంటే ఆటలో రింగు రెండున్నర అంగుళాలు ఎత్తుగా ఉంటే, బంతి ఇంచుమించు అంత మేర ముందుగానే దాన్ని చేరుతుంది. ముందు అంచుకు తగలడానికి ఆ తేడా చాలు. ఆమె వంగి రెండు గీతల మధ్య ఎడాన్ని వేళ్లతో కొలిచింది.

"అంటే గిన్ని రోజులు నేను సరిగ్గనే వేసిన్నా సార్?"

"సరిగ్గనే వేసినవ్. నీల భయం లేకుండె. ఇగో, బంతి తీస్కో. నెల రోజులల్ల చెయ్యి మళ్లొస్తది."

ఆమె గీత దగ్గర నిలబడింది. బంతి నుదుటిదాకా లేచి, అక్కడే ఆగిపోయింది. దింపుకుంది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దింపుకుంది. మూడోసారి వదిలిన బంతి రింగును తాకకుండానే నేల మీద పడి గోడదాకా దొర్లింది. చేతులు జెర్సీకి తుడుచుకుంది.

"మెల్లగ వేద్దాం. తొందరేం లేదు," అన్నాడు డానియేలు.

"సార్, మీరు నాకు భయమున్నదని చెప్పిన దినం నాకు భయం లేకుండె. మీకు ఎరుకే గదా అని నమ్మిన. రోజు ఇంటికి పోయి ఎతుక్కున్న, ఏడున్నదో అని. కండ్లు మూస్కుంటె అదే ఎతుకుడు." ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "దొరికింది సార్."

ఆయన రింగు ఎత్తు తప్పయితే టేపు పట్టి దిద్దాడు. ఈ పిల్ల లోపల తాను నాటినదాన్ని ఏ కొలతతో పట్టుకోవాలో, ఎన్ని రోజులకు పెరికివేయవచ్చో ఆయనకు తెలియదు. తెలుసునని చెప్పడం మరోసారి అదే తప్పు చేయడం.

ఫోన్ మోగింది. అంజన్న. "ఐదుకు పది నిమిషాలే ఉన్నది అన్నా. పంపాల్నా, ఆపాల్నా?"

డానియేలు ఫోన్‌ను అరచేత్తో మూసి రచన వైపు చూశాడు. "ఆపుతె నువ్వు జట్టులనే ఉంటవు బిడ్డా. కూసొనైనా ఉండు."

"కూసుంటె అందరు నా చేతులనే చూస్తరు. పంపుండ్రి సార్."

ఆయన గోడ వైపు తిరిగి అన్నాడు: "పంపు అంజన్నా."

రచన బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పింది. చెప్పులు వేసుకుని, బూట్లను ఒక జతగా చేర్చి బెంచీ కింద పెట్టింది.

"కిట్ బ్యాగు వాపస్ ఇయ్యాల్నా సార్?"

"ఉంచుకో."

"వద్దు సార్. కొత్తగొచ్చే పిల్లకు కావాలె గదా," అని బ్యాగులోంచి టిఫిన్ డబ్బా, తువాలు తీసుకుని, ఖాళీ బ్యాగును ఆయన కాళ్ల దగ్గర పెట్టి బయటికి నడిచింది.