పేరయ్యకి భయం

దొరతోట గేటు తాళం తీసేముందు పేరయ్య గొడుగు కొసతో ఇనప ఊచల మీద టకటకా కొట్టాడు. లోపల పామేదైనా ఉంటే ఆ చప్పుడుకి తప్పుకుంటుందని. తర్వాత గట్టిగా దగ్గాడు. కుక్కలుంటే మనిషి వస్తున్నాడని తెలుసుకుంటాయని. తాళం తీసి, గేటు రెక్క ఒకటి లోపలికి తోసి, అడుగు పెట్టకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డావయ్యా అంటే అతను చెప్పలేడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పొద్దునా అలా నిలబడకుండా లోపలికి పోలేదు, అంతే.

పేరయ్య భయాలకి అంతూ పొంతూ లేదు. కుక్కంటే భయం. ఉరుమంటే భయం. లిఫ్టు ఎక్కమంటే మెట్లెక్కి వస్తానంటాడు. ఆఫీసరు పిలుస్తున్నాడంటే చెట్ల చాటుకి తప్పుకుంటాడు. అన్నిటికీ మించి నీళ్ళంటే భయం. ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, వాళ్ళది నాగాయలంక పక్కన చేపలు పట్టే కుటుంబం. తండ్రీ అన్నలూ పడవలు తోసుకుని సముద్రం మీదికి పోతుంటే ఇతను ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు. వీడు మనింట్లో ఎలా పుట్టాడ్రా అని తండ్రి పదిమందిలో అనేవాడు. ఆ మాట పడలేకే బెజవాడ వచ్చి, నీళ్ళకి దూరంగా ఉండొచ్చని ఈ తోటలో మొక్కలపనికి కుదిరాడు. తీరా చేరాక చూస్తే తోట చివర కాలవ! ఖర్మ కాకపోతే ఏమిటి.

చేతిలో గొడుగు మాత్రం ఎండకీ వానకీ వదలడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే ధైర్యం. గుడ్డ నలుపు వెలిసి బూడిదరంగుకి వచ్చింది. ఒకచోట చిరిగితే భార్య సన్యాసమ్మ తన పాత చీర ముక్కతో ఆకుపచ్చ మాసిక వేసింది.

ఇన్ని భయాల్లో ఒక్కదానికి మాత్రం గట్టి కారణముంది. చిన్నతనంలో మడ అడవిలోకి కట్టెలకి పోయి తేనెటీగల పాలబడ్డాడు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరాడక పడిపోయాడు. ఎవరో భుజాన వేసుకుని పరిగెత్తారు కాబట్టి బతికాడు. ఈ పిల్లాడి ఒంటికి ఆ విషం పడదు, ఈసారికి గట్టెక్కాడు గానీ ఇంకోసారి కుడితే నా దాకా తెచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంట్లోవాళ్ళు దాన్నీ నవ్వులాట చేశారు. సముద్రం మీద బతికే వంశంలో ఈగ కుట్టి చచ్చేవాడు పుట్టాడన్నారు. నవ్వినవాళ్ళకేం, పేరయ్య మాత్రం ఆ మాట మర్చిపోలేదు.

తోట నడిమధ్యన బ్రహ్మాండమైన నిద్రగన్నేరు చెట్టుంది. దాని పైకొమ్మలకి ఈ ఏడు తేనెపట్లు పట్టాయి, చేటలంత పట్లు. చెట్టు మొదట్లో పుట్ట ఉంది. ఇవాళ నాగులచవితి. కృష్ణాజిల్లాలో చవితంటే పుట్టలో పాలు పొయ్యడంతో సరిపోదు, దీపావళికి కాల్చగా మిగిల్చి దాచిపెట్టిన టపాకాయలు పుట్ట దగ్గర పేల్చాలి. పిల్లలు అందుకోసమే దాస్తారు. పైన పట్లు, కింద టపాకాయలు. నాలుగు రోజుల నుంచీ పేరయ్యకి అన్నం సయించడం లేదు.

నిన్న సూపర్‌వైజర్ లక్ష్మీకాంత్ దగ్గరికి వెళ్ళి, ఆ దారి ఒక్కరోజు మూయించండి బాబూ అని అడిగాడు. చవితినాడు పుట్ట మూస్తే జనం నన్ను బతకనిస్తారా అన్నాడు లక్ష్మీకాంత్. అతను చెడ్డవాడేం కాదు. పదేళ్ళుగా పేరయ్య చెప్పే భయాలు వినీ వినీ విసిగినవాడు. "నువ్వు భయపడనిది ఏదన్నా ఉంటే వచ్చి చెప్పు పేరయ్యా, కాఫీ ఇప్పిస్తాను" అని నవ్వి పంపించేశాడు.

తెల్లవారుతూనే ఆడవాళ్ళు తలస్నానాలు చేసి, చలిమిడీ చిమ్మిలీ పాలచెంబులూ పట్టుకుని వచ్చారు. పేరయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, దూరంగా నిలబడి, టపాకాయలు గేటు బయట కాల్చుకోండమ్మా, మీకు దణ్ణం పెడతానమ్మా అని వచ్చినవాళ్ళందర్నీ బతిమాలాడు. కొందరు నవ్వారు. ఒకావిడ, నాగేంద్రుడికి లేని భయం నీకెందుకయ్యా అంది. కానీ సన్యాసమ్మ కూడా పుట్టకి వచ్చింది. చేపల బజారులో గొంతు పెంచి బేరాలాడే మనిషి. ఆవిడ నడుమున చెయ్యి వేసుకుని నిలబడి చూస్తుంటే ఎవరూ అగ్గిపుల్ల గియ్యలేదు.

పూజయ్యాక పుట్టమన్ను వేలితో తీసి పేరయ్య రెండు చెవులకీ పూసింది. చెవిపోటు రాకుండా ఏటా పూస్తుంది. పూస్తూ అతని చెయ్యి చూసింది. వేళ్ళు గొడుగు పిడిని బిగించి పట్టుకుని ఉన్నాయి.

"ఇవాళ్టికి ఆ నడకకి పోమాక. ఒంట్లో బాగోలేదని చెప్పు" అంది.

"చెబితే ఎవరు నమ్ముతారే? రోజూ చెప్పేదేగా" అన్నాడు పేరయ్య.

అదీ నిజమే. సన్యాసమ్మకి నవ్వొచ్చింది. చలిమిడి ముద్ద ఆకులో పెట్టి అతని జేబులో దోపి, మధ్యాహ్నం తొందరగా రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

నడకంటే, ఈ పాత తోట చరిత్ర చెబుతూ జనాన్ని తిప్పి చూపించే కార్యక్రమం. చెప్పేది శ్రీదుర్గ అనే అమ్మాయి. చరిత్రలో ఎమ్మే చదివింది, గొంతు గంటలా ఉంటుంది. పేరయ్య పని తాళాలు తియ్యడం, ముందు నడుస్తూ గొడుగు కొసతో దారి తట్టడం, వెనకబడ్డవాళ్ళని కలుపుకు రావడం. ఎవరైనా ఏదైనా అడిగితే మేడమ్ గారు చెబుతారండీ అని పక్కకి తప్పుకుంటాడు. నలుగురిలో మాట్లాడడమన్నా అతనికి భయమే.

ఇవాళ వచ్చినవాళ్ళలో సుబ్బరత్నం గారని ఒక పెద్దావిడ ఉంది. పామర్రు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైంది. మోకాళ్ళు అరిగిపోయాయి, చేతికర్ర లేనిదే అడుగు పడదు. ఎండిపోయిన ఫౌంటెన్ దగ్గర శ్రీదుర్గ, దొరల కాలంలో ఇక్కడ నీళ్ళు ఎలా ఎగిరేవో చెబుతుంటే ఈవిడ వెనకాల మెల్లిగా వచ్చింది. బ్యాండు మండపం దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెనకబడింది. చిన్నప్పుడు నాన్నగారు తనని ఆ మండపం మెట్ల మీద కూర్చోబెట్టి బ్యాండు వినిపించారని పేరయ్యకి చెప్పింది. అతను ఊ కొట్టాడు గానీ చూపంతా నిద్రగన్నేరు మీదే ఉంది.

చెట్టు కిందికి పోకుండా దూరం నుంచే చూపించమని శ్రీదుర్గని ముందే వేడుకున్నాడు. ఆ పిల్ల మంచిది, సరేనంది. శ్రీదుర్గ మిగతావాళ్ళతో కాలవ వైపు సాగిపోయింది. సుబ్బరత్నం గారు మాత్రం, ఇక నా వల్ల కాదు నాయనా అంటూ వెళ్ళి ఆ చెట్టు చుట్టూ ఉన్న అరుగు మీదే కూలబడింది.

పేరయ్య దూరం నుంచే దణ్ణం పెట్టాడు. "ఇక్కడ వద్దండీ అమ్మగారూ, లేవండి, నాకు భయమండీ" అన్నాడు. ఒక్క నిమిషం అందావిడ. అతను అరుగు దగ్గరికి వెళ్ళి చెయ్యందించాడు. తల ఎత్తి పైకి చూడలేదు. చూడకపోయినా ఆ సన్నటి రొద చెవుల్లో పడుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే చెట్టుకి అవతలవైపు, పుట్ట దగ్గరికి ఒక కుటుంబం వచ్చింది. ఆలస్యమైందని హడావిడి పడుతున్నారు. ఇంటాయన పట్టుపంచె ఎగ్గట్టి, సీమటపాకాయల దండ పుట్ట పక్కన పరిచి, అగ్గిపెట్టె తీశాడు. పేరయ్య చూశాడు. వద్దని అరవాలి. నోరు తెరిచాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దండ అంటుకుంది.

పటపటమని ఆ చప్పుడు, పొగ, ఆ వెంటనే పైన కొమ్మలు నల్లగా కదిలినట్టయింది. ఇంటాయన కెవ్వుమంటూ గేటు వైపు పరిగెత్తాడు, వెనకాలే ఇంటిల్లిపాదీ. అవతల నడకవాళ్ళు కూడా కాలవ రేవు వైపు పరుగు తీశారు. పేరయ్యకి దారి ఖాళీగానే ఉంది. ముసలివాడే అయినా పరిగెత్తగలడు. జీవితమంతా పరిగెత్తడానికి సిద్ధంగా బతికినవాడు.

గొడుగు విప్పాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు లాగి సుబ్బరత్నం గారి ముఖమూ మెడా కప్పి, గొడుగు ఆవిడ మీదికి వంచి, ఆవిడ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. గొడుగు మీద ఈగలు చినుకుల్లాగా టపటపా తగులుతున్నాయి. "కదలకండి, కదలకండి అమ్మగారూ" అంటూ ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గొడుగు ఇద్దరికి చాలేది కాదు. మెడ వెనక ఒకటి కుట్టింది. పిడి పట్టుకున్న చేతి మీద మరొకటి. చెయ్యి విదిలిస్తే గొడుగు పక్కకి పోతుంది కాబట్టి విదిలించలేదు.

పరిగెత్తినవాళ్ళ వెంట పోయినవి పోగా, మిగిలినవి మెల్లిగా పైకి లేచాయి. రొద తగ్గింది. పేరయ్య ఆవిణ్ణి లేపి, గొడుగు కిందే నడిపించుకుంటూ కాలవ గట్టుకి చేర్చాడు. గేటుకి పోవాలంటే మళ్ళీ ఆ చెట్టు పక్కనుంచే పోవాలి కాబట్టి అందరూ అక్కడే ఆగారు. తలా ఒకటో రెండో కుట్టాయి. ఎవరికీ ప్రమాదమేం లేదు. సుబ్బరత్నం గారి ఒంటి మీద ఒక్క కాటు కూడా లేదు.

పేరయ్యకి అరచేతులు దురద మొదలైంది. పెదవులు మొద్దుబారినట్టున్నాయి. చిన్నప్పటి ఆ దురద అతనికి గుర్తుంది. రేవు మెట్ల పైన నిలబడ్డ శ్రీదుర్గ దగ్గరికి వెళ్ళాడు. ఆ పిల్ల అప్పటికే అందర్నీ రేవులోకి దింపి, ముఖాలు కడిగించి, కంగారు తగ్గించాలని ఒకప్పుడు ఈ రేవులో ఆగిన పడవల గురించి చెప్పబోతోంది.

"మేడమ్ గారూ, నాకు భయంగా ఉందండీ" అన్నాడు.

"నాక్కూడా చచ్చేంత భయమేసింది పేరయ్యగారూ. అయిపోయిందిగా, ఇంకేం లేదు. కూర్చోండి" అంది శ్రీదుర్గ, ఎంతో ప్రేమగా. అతని భుజం తట్టింది కూడా. పేరయ్య రేవు మెట్లు ఎప్పుడూ దిగడని ఆ అమ్మాయికి తెలుసు. ప్రతి నడకలోనూ ఇక్కడికి రాగానే నాకు భయమండీ అని పైన బెంచీ మీద ఆగిపోతాడు. అందరూ నవ్వుతారు. ఇవాళా ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు చూశాక అతనికి రెండోసారి చెప్పబుద్ధి కాలేదు. వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు.

మెట్లు దిగలేని సుబ్బరత్నం గారు కూడా ఆ బెంచీ మీదే కూర్చుంది. ఎండ ముఖం మీద పడుతోంది. అతని నుదురు చెమటతో తడిసిపోవడం చూసి, గొడుగు అతని చేతిలోంచి తీసుకుని తనే పట్టింది.

"నన్నొదిలేసి పోయుండొచ్చుగా నాయనా" అంది.

"కాళ్ళు రాలేదండీ అమ్మగారూ. భయానికి" అన్నాడు పేరయ్య. మాట ముద్దగా వచ్చింది.

అందులో అబద్ధమేమీ లేదు. తను చేసినదానికి అతనికి తెలిసిన పేరు అదొక్కటే. కొంతసేపటికి ఆవిడ, మొగుడు పోయాక తను కూడా దీపం ఆర్పి పడుకోవడానికి భయపడేదాన్నని, ఎవరికీ చెప్పలేదని మెల్లిగా చెప్పింది. అతను ఊ కొట్టాడు. తర్వాత నాన్నగారి గురించి చెప్పింది, బ్యాండు గురించి చెప్పింది. అతను తల వెనక్కి వాల్చాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుంది. చెవులకి పూసిన పుట్టమన్ను ఎండి పెచ్చులు కట్టింది. ఎండ జరుగుతున్నకొద్దీ గొడుగు కూడా జరిపి అతని ముఖం మీద నీడ పట్టింది. చెయ్యి లాగుతున్నా మార్చుకోలేదు, కదిలితే లేస్తాడేమోనని.

రేవులోంచి శ్రీదుర్గ మెట్లెక్కి వచ్చి, వెళ్దామా పేరయ్యగారూ అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదిలేసి సుబ్బరత్నం గారి ముఖంలోకి చూసింది.

సన్యాసమ్మ వచ్చేసరికి ఎవరో అతన్ని బెంచీ మీద పడుకోబెట్టారు. లక్ష్మీకాంత్ కూడా వచ్చాడు గానీ దగ్గరికి రాలేక ఫౌంటెన్ గట్టు మీద కూర్చున్నాడు. సన్యాసమ్మ ఏడవలేదు. మెడ వెనక ముల్లు చూసింది. చేతి మీద ముల్లు గోటితో గీకి తీసేసింది. జేబులో చలిమిడి ముద్ద ఆకుతో సహా అలాగే ఉంది. అప్పుడు, ఇంకా గొడుగు పట్టుకునే నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగింది.

"భయపడ్డాడా అమ్మగారూ?" అని అడిగింది.

సుబ్బరత్నం గారికి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "చాలా భయపడ్డాడమ్మా. ఏడ్చాడు కూడా" అంది. "అయినా నా మీంచి గొడుగు తియ్యలేదు."

సన్యాసమ్మ అప్పుడు కూలబడి గట్టిగా ఏడ్చింది.

అందరూ వెళ్ళిపోయాక ఆ గొడుగు మడవాలని ఎవరికీ తోచలేదు. విప్పింది విప్పినట్టే బెంచీ మీద ఉండిపోయింది, వెలిసిన గుడ్డ నిండా తేనెటీగల ముళ్ళు గుచ్చుకుని, ఆకుపచ్చ మాసిక మీద కూడా రెండు.