పసుపు పూసిన చక్రము

ఆషాఢమాసాంతమున అపరాహ్ణవేళ నీలమేఘావృతమైన గగనము క్రింద గోదావరి ఎఱ్ఱనీటితో పొంగి లంకగ్రామమును మూడుదిక్కుల ముట్టడించి నాలవదిక్కున గట్టునకు బోవు బాటను సైతము కబళింప నుద్యుక్తమై యుండెను. అట్టి వేళ ముత్యాలు అను రైతు భార్యయైన పుణ్యవతికి పురిటినొప్పులు పట్టెను. బిడ్డ అడ్డము తిరిగినదనియు బాట మునుగకమున్నే గట్టుమీది ఆసుపత్రికి చేర్పవలయుననియు మంత్రసాని చెప్పెను.

ముత్యాలు ఎడ్లను పూన్చి అదలించెను. కుడిచక్రము కదలెను గాని ఎడమచక్రము తిరుగక బురదలో ఈడ్వబడెను. కబురంది వచ్చిన వడ్రంగి లింగాచారి ఇరుసుచివరి చీల నూడదీసి చక్రమును లాగిచూచెను. ఇరుసును చక్రము నడిమి కుండలోని ఇనుపగొట్టమును త్రుప్పుచే నొక్కటై యుండెను.

"కందెన ఎప్పుడెట్టేవురా?"

"కొత్తబండి గదండి ఆచారిగారూ. దసరాకి పసుపెట్టేం. అమ్మోరి పసుపు మీద మసి పుయ్యకూడదు, మళ్ళీ దసరా దాకా ముట్టుకోకని మాయమ్మంది."

ఏమి భక్తియో గాని కుండలోనికి నీరు దిగునట్లు కడిగి పసుపు పూసి కర్పూరము వెలిగించి మ్రొక్కినవారు దానికి వలసిన పిడికెడు కందెనను మాత్రము పెట్టరైరి. వేసవియంతయు ఆ చక్రము కీచుమని మొఱపెట్టుచునే యుండి వానలలో కదలక నిలిచి త్రుప్పుపట్టెను.

ఆచారి ఆముదమడిగెను. ఇంటనున్నది పుట్టబోవు బిడ్డ యొంటికి రాచుటకై ముత్యాలు తల్లి సూరమ్మ స్వయముగా వండి దాచిన యొక్క సీసాయే. ఆమె దానిని తెచ్చి యిచ్చెను. ఆచారి సగము కాచి కుండలోనికి పోసి ఎండుగడ్డి సెగ చూపి కొయ్యసుత్తితో చుట్టును మెల్లగా తట్టుచుండెను. ముత్యాలు ఓర్వలేక సమ్మెట నెత్తగా ఆచారి అతని చేయి పట్టుకొనెను.

"ఇనుముతో కొడితే కుండ పగిలిపోద్ది. నూనె లోపలికి దిగాలి, ఆగు."

"ఆగితే బాట ఉండదండి."

"పగిలితే బండే ఉండదు."

లోపల పుణ్యవతి మూలుగు అంతకంతకు సన్నగిల్లుచుండెను. వాకిటిలోనికి నీరు వచ్చెను. అప్పటికి గాని చక్రము ఊడిరాలేదు. ఆచారి త్రుప్పు గీకి మిగిలిన ఆముదమున గడ్డిమసి కలిపి ఇరుసునకు దట్టముగా పూసి చక్రము నెక్కించి చీల బిగించెను.

ఎడ్ల పొట్టలను వఱదనీరు తాకుచుండగా బండి చప్పుడు లేక సాగెను. కోడలి తలను ఒడిలో నిడుకొని కూర్చున్న సూరమ్మకు వేసవియంతయు విన్న ఆ కీచుమను మొఱ జ్ఞప్తికి వచ్చెను. గట్టెక్కుసరికి బండిలోనే మంత్రసాని ఎట్లో త్రిప్పి తీయగా మగబిడ్డ పుట్టెను. పుణ్యవతి బ్రతికెను. బిడ్డ ఏడ్వలేదు.

"గంట ముందొచ్చుంటే దక్కేవోడు" అని మంత్రసాని కన్నులు తుడుచుకొనెను.

మరుసటి దసరానాడు సూరమ్మ పసుపుగిన్నెను ముట్టలేదు. ఆముదము వండి కొంతలో మసి కలిపి రెండుచక్రములకును తన చేతులతోనే కందెన పెట్టెను. మిగిలిన ఆముదమును అలవాటు చొప్పున సీసాలోనికి వంపి దాచుటకు లోనికి బోవుచు ఎవరికై దాచుదునని తోచి గుమ్మముకడనే నిలిచిపోయెను.