పిన్నిని ప్రశ్నలడగడం

రెండు విశ్వవిద్యాలయాలు నాకు సీటిచ్చాయి. ఒకటి నేనుండే పిన్ని ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్ళిరాగలిగేంత దగ్గర. అక్కడ చరిత్ర. రెండోదానికి రైలెక్కి వెళ్ళాలి. అక్కడ న్యాయశాస్త్రం. వారం చివరికల్లా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

పిన్ని మొదటినుంచీ లా వైపే. "మన తరఫున మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి" అనేది. బాబాయి నవ్వేవాడు. "నోట్లో నాలుక లేని పిల్లే అది. ఎదురుగా నిలబడి వాదిస్తున్నా, లాయరుగారు ఇంకా రాలేదా అంటారు జడ్జిగారు." నాకూ అదే అనుమానం. మా ఊరి బడిలో హాజరు పలకడానికే నాకు గొంతు పెగిలేది కాదు.

ఆ వారంలోనే పిన్ని కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మా ఇంటికి ఎదురుగా రోడ్డు పక్కన తాళాలు బాగుచేసే తాతని, కిందటేడు ఒక పొద్దున, వెనక్కి వస్తున్న వ్యాను గుద్దింది. కాలు విరిగింది. తాతే నడుచుకుంటూ వ్యాను వెనక్కి వచ్చాడని వ్యాను వాళ్ళ వాదన. ఆయన తన స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. అది పిన్ని కళ్ళారా చూసింది. పిన్ని టైలరు. ముందుగదిలో కిటికీ పక్కనే ఆమె మెషిను.

కోర్టులో నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. వ్యాను వాళ్ళ లాయరు పెద్దాయన. గొంతు పెంచలేదు.

"కుట్టేటప్పుడు మీ చూపు ఎక్కడుంటుందమ్మా?"

"సూది మీదండీ."

"పక్కకి చూస్తే?"

పిన్ని మొహం వెలిగింది. "వేలు పోతుంది. ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, ఒక్కసారి కూడా చూపు తిప్పి ఎరగను."

"ఆ పొద్దున కూడా కుడుతూనే ఉన్నారు కదా?"

"అవునండీ."

"అంతే." ఆయన కూర్చున్నాడు.

"అది కాదండీ..." అంది పిన్ని. అప్పటికే బోను దిగమన్నారు. తాత తరఫున వచ్చిన మా లాయరు కాగితాలు సర్దుకుంటున్నాడు.

రెండో ప్రశ్నకే అది ఎటు పోతోందో నాకు అర్థమైంది. పిన్ని మీద జాలేసింది. దానితోపాటే, ఎంత బాగా అడిగాడు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా. కానీ ఆ క్షణంలోనే నాకు లా చదవాలనిపించింది.

ఇంటికి వచ్చాక పిన్ని చెప్పులు విప్పుతూ అంది: "ఆ చదువు నీకొద్దు. చరిత్ర చదువుకో. చచ్చినవాళ్ళ సంగతులు. ఎవరి ఉసురూ తగలదు."

"నాకు లానే కావాలి పిన్నీ."

"వాడిలా అడుగుతావా? నాలాంటిదాన్ని నిలబెట్టి?"

పిన్ని స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "సరే, అడుగు. నన్నే అడుగు. చూద్దాం."

"ఊరుకోవే, పిల్లతో ఏంటది" అన్నాడు బాబాయి.

"మీరుండండి."

నేను నిలబడ్డాను. "వ్యాను వచ్చినప్పుడు మెషిను నడుస్తోందా?"

"గట్టిగా అడుగు" అన్నాడు బాబాయి. "ఎదురింటి వాళ్ళక్కూడా వినపడాలి."

మళ్ళీ అడిగాను.

"లేదు" అంది పిన్ని, గొంతు పెంచి. "బాబిన్‌లో దారం అయిపోయింది. ఇంకోటి తీసుకుందామని లేచాను. బాబిన్ల డబ్బా కిటికీ గట్టు మీదే కదా ఉండేది!"

"చూశావా, ఇదొక్కటి మన లాయరు అడిగి ఉంటే..." అన్నాడు బాబాయి.

అక్కడితో ఆపొచ్చు. కానీ నాకు ఆ పెద్దాయన కనిపిస్తూనే ఉన్నాడు. ఆయనైతే ఆపడు.

"డబ్బా కోసం లేచిన మనిషి డబ్బా వైపు చూస్తుంది. వీధిలోకి ఎందుకు చూశారు?"

పిన్ని నన్ను కాదు, గోడని చూస్తోంది. బాబాయి నవ్వడం మానేశాడు.

"చెప్పండి" అన్నాను.

"తాత చెయ్యి ఊపాడు" అంది పిన్ని మెల్లిగా. "నేను కిటికీ దగ్గరికొస్తే ఊపుతాడు, రోజూ. స్టూలు మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. అందుకే వెనక వ్యాను చూసుకోలేదు. నేనూ చెయ్యి ఊపుతున్నాను. కేకెయ్యాలని తట్టేలోపే..."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. బాబాయికి కూడా.

"నీ తప్పేముందే?" అన్నాడు బాబాయి.

నేను పక్కన కూర్చుని పిన్ని చెయ్యి పట్టుకున్నాను. "ఇది మన లాయరుకి చెప్పాలి పిన్నీ. తాత కూర్చునే ఉన్నాడనడానికి ఇంతకంటే ఏం కావాలి?"

"మళ్ళీ పిలుస్తారా?"

"తెలీదు. కోర్టుని అడగమందాం."

పిన్ని మొహం మీంచి కొంగు తీసింది. "చివర్లో అది అడిగేటప్పుడు నా మీద జాలి వెయ్యలేదా నీకు?"

"వేసింది."

"అయినా అడిగావు."

"అడిగాను."

పిన్ని నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసింది.

"పొద్దున్నే ముందు మన లాయరు దగ్గరికి పోదాం" అంది. "అట్నుంచటే ఆ దూరం యూనివర్సిటీ వాళ్ళకి వస్తానని చెప్పెయ్యి. నాకు నచ్చి కాదు."