తలెలో పచ్చనీళ్ళు

ఆదివారం తెల్లవారేసరికి ఐలేశం ఇంటి ముందు మనుషులు నిలబడటం ఆ ఊరికి కొత్త కాదు. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి కామెర్లకు పసరు పోస్తున్నారు. హాలియా చుట్టూ కాలువ కింది ఊళ్ళన్నిటికీ ఆ సంగతి తెలుసు. పరగడుపున రావాలి. పసరును మేకపాలలో కలిపి తాగాలి. పైసా ఇవ్వకూడదు, ఇస్తే మందు పారదు.

తాగాక ఐలేశం వాళ్ళ చేతులు కడిగేవాడు. రోగి అరచేతులకు మామిడి చెక్క రసం పూసి, తలె అనే కంచు పళ్ళెంలో సున్నపు తేట పోసి కడిగితే నీళ్ళు పచ్చగా మారేవి. కామెర్లు దిగాయని వచ్చినవాళ్ళు దండం పెట్టి పోయేవాళ్ళు. దానికొక కట్టడి ఉంది. పసరు తాగినవాడు నెల తిరిగేదాకా దవాఖాన గడప తొక్కకూడదు. రెండు మందులు ఒక కడుపులో ఇమడవని ఐలేశం తాత చెప్పిపోయిన మాట.

కొత్తేమిటంటే, భార్య అండాలు పోయిన దగ్గర నుంచి ఐలేశం ఎవరికీ పసరు పోయడం లేదు. వచ్చినవాళ్ళకు ఒకటే మాట చెప్పేవాడు, దవాఖానకు పొమ్మని. వాళ్ళు అతన్ని తిట్టుకుంటూ పక్క ఊళ్ళో ఇంకో పసరువాణ్ణి వెతుక్కునేవాళ్ళు. అతనికీ వాళ్ళ మీద జాలి లేదు.

అండాలు నాట్లలో మొనగత్తె. ఆమె ముఠాలో ఉంటే మడి మధ్యాహ్నానికే అయిపోయేది. సాయంత్రానికి మాత్రం నడుము నిలిచేది కాదు. పొలం నుంచి వచ్చే దారిలో, చాయ్ హోటల్ ముందు ఎల్లస్వామి బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఏం చదివాడో ఎవరూ అడగలేదు. లూనా మీద వచ్చేవాడు, తోలు సంచి ఉండేది, డాక్టర్ సాబ్ అనడానికి ఆ రెండూ చాలు. గాజు సిరంజి ఒకటి, సూది ఒకటి. ఆడవాళ్ళు బురద కాళ్ళతోనే వరుసలో నిలబడి బలం సూది వేయించుకునేవాళ్ళు. ఒకరి చేతి నుంచి తీసిన సూదిని హోటల్ వేడినీళ్ళ గ్లాసులో ఒక్క మునక ముంచి ఇంకొకరికి గుచ్చేవాడు. గోళీలిస్తే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. "గోళీలకైతే నీ దాక ఎందుకొస్తం? సూది ఎయ్యి" అనేవాళ్ళు. ఆ మాట అందరికన్నా గట్టిగా అనేది అండాలే.

ఆమె కళ్ళు పచ్చబడ్డప్పుడు పసరు పోసింది ఐలేశమే. చేతులు కడిగిందీ అతనే. నీళ్ళు పచ్చగా మారాయి. దిగినయి అన్నాడు. దిగలేదు. ఒళ్ళు చిక్కి, కడుపు మాత్రం కుండలా ఉబ్బింది. అయినా కట్టడి కట్టడే. నెల తిరిగాకే పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ అండాలు నెత్తురు పరీక్ష చేయించి అతన్ని పక్కకు పిలిచింది. కామెర్లన్నీ ఒకటి కావని చెప్పింది. చెడ్డ నీళ్ళతో వచ్చేవి చాలా మందికి వాటంతట అవే తగ్గుతాయి, మందు తాగినా తాగకున్నా. అండాలుకు వచ్చింది నెత్తుటితో పాకేది. కంటికి కనపడని పురుగు కార్జంలో చేరి, కొందరిలో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండి, లోపల్లోపల తినేస్తుంది.

"సూదులు బాగా వేయించుకునేదా?" అని అడిగింది.

ఐలేశం తల ఊపాడు. "గీ రోగం మనుషులకేనా అమ్మా?" అన్నాడు.

"వేరే దేశంలో ఉడుత జాతికి కూడా ఇట్లాంటిదే ఉంది. వాటి పురుగు వాటిది, మన పురుగు మనది."

"ఉడుతకు సూది ఎవలేసిన్రమ్మా?"

ఆమె నవ్వలేదు. వాటికి సూది అవసరం లేదు, కొరుక్కున్నా చాలు అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఇలాంటి రోగి మత్తుగా పడుకుంటే, మాట తప్పితే, ఇక ఒక్క పూట కూడా ఆగొద్దు. ఆ మాట అండాలుకు పనికిరాలేదు. ఆమె అక్కడే పోయింది.

ఈ ఆదివారం వాకిట్లో సర్పంచ్ లింగస్వామి జీపు ఆగింది. లింగస్వామి అండాలుకు అన్న. వెనక సీట్లో షరీఫ్ సోలిపోయి పడుకున్నాడు. పాతికేళ్ళు నిండని వాడు, హాలియా మార్కెట్‌లో వడ్ల బస్తాలు మోస్తాడు. తల్లి ఖాదర్‌బీ అతని తలను ఒళ్ళో పెట్టుకుంది. జీపు వెనకే లూనా మీద ఎల్లస్వామి వచ్చాడు. వాళ్ళ వెనక సగం ఊరు.

ఖాదర్‌బీ దిగి వచ్చింది. "అన్నా, నా కొడుకును జర సూడు. కండ్లు పసుపు ముద్దలైనయి. నీ చేతి పసరు పోయి."

"పొయ్య. దవాఖానకు తీస్కపో."

"ఏం బావా," అన్నాడు లింగస్వామి, "చెల్లె పోయిన కాన్నుంచి నీ ముక్కు మీద కోపం దిగుతనే లేదు. మందు దాసుకుంటే పాపం తగుల్తది."

"తగలనీ. పాపం నాకేం కొత్తనా."

ఎల్లస్వామి ముందుకొచ్చాడు. "నేను సూదులు ఇస్తనే ఉన్న. ఒంట్ల వేడి జేసింది, గంతే. పసరు పడితే సల్లబడ్తడు. పట్నం పోతే వాళ్ళు ఊకనే పానం దీస్తరు. అండాలమ్మను సూడలేదా?"

ఐలేశం అతని వైపు చూడకుండా జీపు దగ్గరికి వెళ్ళాడు. షరీఫ్ గడ్డం పట్టి ముఖం ఎత్తాడు.

"షరీఫ్, మీ అమ్మ పేరేంది?"

షరీఫ్ చాలాసేపు చూశాడు. "లారీ ఖాళీ అయ్యిందా?" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఐలేశం చేయి తీశాడు. పట్నానికి ఇప్పుడే పొమ్మంటే వీళ్ళు పోరు. ఇక్కణ్ణుంచి పక్క ఊరి పసరు దగ్గరికి పోతారు, నెల కట్టడి కడతారు. ఆ నెల చివర ఏముంటుందో అతనికి తెలుసు. లోపలికి వెళ్ళి కంచు తలె, మామిడి చెక్క రసం, సున్నపు తేట తెచ్చి అరుగు మీద పెట్టాడు. జనంలో ఊపిరి కదిలింది. ఖాదర్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చేతులు పట్టు బావా," అన్నాడు ఐలేశం.

లింగస్వామి వెనక్కి చూశాడు. "ఎవలు, నేనా? నాకేం రోగం?"

"సర్పంచువు. ఊర్ల ఏదైనా ముందు నీకే గదా."

ఎవరో నవ్వారు. అందరి ముందూ కాదనలేక లింగస్వామి చేతులు చాపాడు. ఐలేశం ఒకప్పుడు రోగులకు చేసినట్టే చేశాడు. రసం పూశాడు, తేట పోశాడు, తలెలో ముంచి రుద్దాడు. నీళ్ళు పచ్చబడ్డాయి. షరీఫ్ కళ్ళకన్నా పచ్చగా.

"గట్టి కామెర్లే బావా నీయి," అన్నాడు ఐలేశం. "నెల దాక ఉప్పు, నూనె బందు. దవాఖాన గడప తొక్కకు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"డాక్టర్ సాబ్, రా. నువ్వు కడుగు."

ఎల్లస్వామి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఖాదర్‌బీ జనాన్ని తప్పించుకుని వచ్చి తన రెండు చేతులూ చాపింది. ఐలేశం తలె ఒంపి కొత్త తేట పోశాడు. నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. ఆమె ఆ నీళ్ళనూ తన చేతులనూ మార్చి మార్చి చూసింది.

"అండాలుకు?" అంది.

"గిట్లనే."

"నీకెట్ల ఎరుక?"

"అండాలు దినాలు అయినంక నా చేతులు కడుక్కున్న. నాకు జొరం గూడ లేకుండె."

ఖాదర్‌బీ తలెను కాలితో తన్నింది. అది అరుగు మీద నుంచి దొర్లి మోగుతూ పడింది. "సర్పంచ్ సాబ్," అంది, గొంతు ఎత్తకుండా, "జీపు తిప్పు. పట్నం పోవాలె."

"నాకు మండలాఫీసుల పనున్నది..."

"నీ చెల్లెను తీస్కపోతనన్న నాడు గూడ నీకు పనుండె," అన్నాడు ఐలేశం.

లింగస్వామి ముఖం నల్లబడింది. అయినా వెళ్ళి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

ఎల్లస్వామి మెల్లగా లూనా వైపు జరుగుతున్నాడు. ఐలేశం హ్యాండిల్‌కు వేలాడుతున్న తోలు సంచిని అందుకుని, లోపలి నుంచి గాజు సిరంజి తీశాడు.

"అరే, నా బతుకుదెరువు గది."

"నీ బతుకుదెరువుకే నా అండాలు పోయింది."

"రుజువున్నదా? ఎవల సూదితోని వచ్చిందో దేవునికెరుక."

"గీ సూది ఎవలెవల నెత్తురు ముట్టిందో నీకైన ఎరుకనా?"

ఎల్లస్వామి సంచి లాక్కుని మూత వేశాడు.

"గదే నా రుజువు."

సిరంజిని బండ మీద పెట్టి చెప్పుతో తొక్కాడు. "మనిషికొక కొత్త సూది. ప్యాకెట్ మా కండ్ల ముందట చింపాలె. లేకుంటే గీ ఊర్ల బండి ఆపకు."

లింగస్వామి జీపులోంచే అరిచాడు. "ఊరి తీర్పు చెప్పనీకి నువ్వెవలవోయ్?"

"అండాలు మొగన్ని," అన్నాడు ఐలేశం. జీపెక్కి షరీఫ్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. డాక్టరమ్మకు సూదుల సంగతి దాచకుండా చెప్పే మనిషి ఒకడు ఉండాలి.

షరీఫ్ బతికాడు. ఈ రోగాన్ని చంపే మందు మా దగ్గర లేదు, ఒళ్ళు తట్టుకునేదాకా కాపాడగలం, వేళకు తెచ్చారు అన్నారు దవాఖానలో. వేళ అనే మాట విన్నప్పుడు ఐలేశం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. షరీఫ్ తిరిగి వచ్చాక బస్తాలు మోయలేకపోయాడు. మార్కెట్‌లోనే కాంటా దగ్గర కూర్చుంటున్నాడు.

ఊరు మాత్రం ఐలేశాన్ని క్షమించలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో తమ ఊరికున్న పేరు పసరు పేరే. దాన్ని వాకిట్లో పారబోశాడని, తాత పరువు తీశాడని పాలివాళ్ళు పెళ్ళికి పిలవడం మానేశారు. అతనూ ఎవరి గడపా తొక్కలేదు. తన పసరును నమ్మినవాళ్ళనూ, పోసిన తననూ ఒకే లెక్కలో వేశాడు. తలెను పెరట్లో కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి వాడుతున్నాడు.

మళ్ళీ నాట్లు పడ్డాయి. ఆడవాళ్ళ నడుములు మళ్ళీ విరిగాయి. ఎల్లస్వామి కొంతకాలం రాలేదు, తర్వాత ప్లాస్టిక్ సిరంజిలు తెచ్చి హోటల్ ముందు బల్ల వేశాడు. ఆ సాయంత్రమే ఐలేశం వచ్చి ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. చాయ్ తాగలేదు, బీడీ కాల్చలేదు.

"ఏందే ఐలేశం మామా, నీకు గూడ సూది గావాల్నా?" అంది వరుసలో ముందున్న బిక్షమ్మ. వెనకున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

ఎల్లస్వామి అంతకుముందు వాడిన సూదినే మళ్ళీ మందు సీసాలో గుచ్చబోయాడు.

"చింపు," అన్నాడు ఐలేశం.

ఎల్లస్వామి పళ్ళు కొరికి కొత్త ప్యాకెట్ చింపాడు. తర్వాతి మనిషికి ఐలేశం నోరు తెరవక ముందే గుచ్చిన చోట రుద్దుకుంటూ బిక్షమ్మే అంది, "చింపవయ్యా, మామ సూస్తున్నడు."

చీకటి పడే వేళకు బల్ల కింద ఖాళీ ప్యాకెట్లు కుప్పపడ్డాయి. ఎల్లస్వామి సంచి సర్దుకుంటూ అడిగాడు. "జిందగంత గిట్లనే నా ఎదురుంగ కూసుంటవా?"

ఐలేశం లేచి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"నాట్లు ఉన్నన్ని దినాలు," అన్నాడు.